తాను రాసిన బోర్డు కింద ఒక రాత్రి

బోర్డులమ్మ తన జన్మలో సొంతంగా ఒక్క ఆజ్ఞ కూడా జారీ చేయలేదు. ఇతరుల ఆజ్ఞలు మాత్రం ఊరంతా రాసింది. ఇక్కడ ఉమ్మరాదు. గోడపై ప్రకటనలు అంటించరాదు. పువ్వులు కోయరాదు. అనుమతి లేనిదే లోనికి రారాదు. కుక్క ఉన్నది, జాగ్రత్త. ఈ చివరి బోర్డు రాయించుకున్న ఇంట్లో కుక్క లేదు. బోర్డు ఉన్నాక కుక్కతో పనేముందని ఆ ఇంటాయన వాదన. టైర్ల కొట్టుకూ జిరాక్సు కొట్టుకూ మధ్య ఇరుక్కున్న ఒక్క షట్టరు గదిలో నేలమీద రేకు పరుచుకుని, సుద్ద రాసిన దారం లాగి వదిలి గీత కొట్టి, చెయ్యి ఆనించుకునే కర్ర ఎడంచేత పట్టుకుని ఆమె రాసిన 'రాదు'లన్నీ పాటిస్తే, ఆ ఊళ్ళో మనిషి చేయదగ్గ పని ఒక్కటీ మిగలదు.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. షట్టరు కిందికి దిగింది. 'అంతరించిపోతున్న కళ' అంటూ ఒక కాలేజీ లెక్చరరు కెమెరా పట్టుకొచ్చి, ఆమె చేతిని, చేతిమీది రంగు మరకల్ని, కిటికీలోంచి పడే వెలుతుర్ని తీసుకున్నాడు. తీస్తూనే అడిగాడు.

"ఇదంతా మీతోనే పోతుందా అమ్మా?"

"మీ సెమినారుకి బ్యానరు ఎక్కడ చేయిస్తున్నారు బాబూ?"

"ఫ్లెక్సీయేనమ్మా. టైము లేదు కదా."

"మరింకేం. పోనివ్వండి. కూర్చుని కూర్చుని నా నడుం కూడా పోయింది. వీలుంటే దానిమీద ఒక సెమినారు పెట్టండి."

ఆమె మొగుడు లాంగ్ రూటు బస్సు డ్రైవరు. రాత్రి సర్వీసు తప్ప మరొకటి తోలనని డిపోలో పంతం పట్టి మరీ వేయించుకున్నవాడు. వెనక బస్సెడు జనం నోళ్ళు తెరిచి నిద్రపోతుంటే తానొక్కడే మెలకువగా ఉండటంలో ఒక రాజరికం ఉండేదని ఇప్పటికీ చెప్తాడు. రిటైరు కావడానికి కొంత ముందు ఆ రాజరికానికి గండి పడింది. ఎదుటి బండి లైటు పడితే చాలు, రోడ్డంతా పాలు ఒలికినట్టు తెల్లబడిపోయేది. కళ్ళ డాక్టరు లోపలికి టార్చి కొట్టి చూసి, చీకటి పడ్డాక స్టీరింగు పట్టుకోవద్దన్నాడు. పగలు మాత్రం, కళ్ళు ఇలాగే నిలబడితే, తోలుకోవచ్చన్నాడు. 'ఇలాగే నిలబడితే' అన్న ముక్క డ్రైవరు వినలేదు. పక్కన కూర్చున్న బోర్డులమ్మ విన్నది.

రిటైరయ్యాక వేలంలో ఆయన కొన్న పాత వ్యానుకు కూడా కళ్ళతోనే సంబంధం. ఒక ట్రస్టువాళ్ళు బీదల కళ్ళు పరీక్షించడానికి దాన్ని చేయించారు. పరీక్షలకన్నా ప్రారంభోత్సవాలు ఎక్కువ చూసిన బండి అది. బండికి రెండుపక్కలా దాతల పేర్లు మనిషంత ఎత్తున, కింద ఒక మూల కన్ను బొమ్మ అరచేయంత. అవి రాసిందీ గీసిందీ బోర్డులమ్మే. లోపల వెనక గోడమీద, పైనుంచి కిందికి చిన్నబడుతూ పోయే అక్షరాల చార్టు కూడా ఆమె చేతిదే. డ్రైవరు మంచం బిగించాడు, స్టవ్వు పెట్టాడు, నీళ్ళ ట్యాంకు పెట్టాడు, కిటికీలకు తెరలు వేశాడు. చార్టు మాత్రం అలాగే ఉంచాడు. దానికి కారణం కూతురు.

కూతురు పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. అందువల్ల ఇంట్లోవాళ్ళందరూ ఆమెకు పేషెంట్లే, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు మరీనూ. సముద్రం దాకా బండిలో వెళ్ళొస్తామని తల్లిదండ్రులు చెప్పగానే ఆమె వద్దనలేదు. షరతు పెట్టింది.

"రోజూ పొద్దు వాలుతుండగా బండి ఆపి, నాన్న డ్రైవరు సీట్లోంచి వెనక్కి తిరిగి ఆ చార్టులో నాలుగో వరస చదవాలి. అమ్మ వినాలి. చదివితే చీకటి పడేలోగా ఎక్కడో చోట ఆపుకుని పడుకోండి. పొద్దుండగానే ఆ వరస కనపడలేదా, కళ్ళు ఇంకా దిగజారినట్టు లెక్క. ఎక్కడున్నారో అక్కడే ఆగండి, మీ అల్లుడొచ్చి బండి తోలుకొస్తారు. నాన్న మళ్ళీ స్టీరింగు ముట్టకూడదు. ఈ జన్మకి."

"ఒక్కసారికే ఉరిశిక్షా?" అన్నాడు డ్రైవరు.

"బస్సు నిండా జనాన్ని క్షేమంగా దింపినాయన, చివరికి అమ్మ ఒక్కదాన్ని తీసికెళ్ళి గోతిలో దింపితే నేను ఆసుపత్రిలో తలెత్తుకు తిరగలేను నాన్నా."

ఆ విధంగా డ్రైవరు యావజ్జీవితం నాలుగో వరసలోని అయిదు అక్షరాలమీద నిలబడింది. ర, ప, గ, మ, ట. రోజూ సాయంత్రం ఆయన వెనక్కి తిరిగి వాటిని స్కూల్లో హాజరు పిలిచినట్టు గట్టిగా చదివేవాడు. బోర్డులమ్మ "ఊఁ" అనేది. కూతురికి ఫోన్లో "చదివారు" అని చెప్పేది.

ఇల్లులాంటి బండిలో తిరిగేవాళ్ళ గురించి లోకంలో బోలెడు తత్వశాస్త్రం పుట్టింది. చక్రాలున్న చోటే ఇల్లంటారు. ఆకాశం పైకప్పంటారు. ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ ఆగొచ్చంటారు. వీళ్ళలో ఒక్కడైనా మధ్యాహ్నం భోంచేసిన దగ్గర్నుంచీ 'ఈ రాత్రికి ఎక్కడ' అని మెడలు సాచి రోడ్డుపక్కలు వెతుక్కున్న సంగతి రాసిన పాపాన పోలేదు. బుద్ధి ఎక్కడైనా పుడుతుంది. బండి నిలపడానికి మాత్రం జాగా కావాలి, ఆ జాగాకు ఒక యజమాని ఉంటాడు, ఆ యజమానికి ఒక అనుమానం ఉంటుంది. స్వేచ్ఛ అంటే రోజుకొక కొత్త వాచ్‌మన్ ముందు చేతులు కట్టుకుని నిలబడటమని బోర్డులమ్మకు రెండోరోజుకే తెలిసిపోయింది.

చెరువుగట్టు పార్కు దగ్గర వాచ్‌మన్, పార్కు మనుషులు తిరగడానికి గానీ ఉండటానికి కాదన్నాడు. కల్యాణ మంటపం మేనేజరు "పెళ్ళివారా?" అని అడిగాడు. కాదంటే, "మరి పెళ్ళి కానివాళ్ళకి ఇక్కడేం పని?" అన్నాడు. నీడగా ఉన్న ఒక మంచి వీధిలో ఆపితే, బనీను వేసుకున్న పెద్దమనిషి చేతికర్రతో టైర్లు తట్టి చూస్తూ బండిచుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఎవరి తాలూకు?"

"ఎవరి తాలూకూ కాదండీ. రాత్రికి ఆగి పొద్దున్నే వెళ్ళిపోతాం," అంది బోర్డులమ్మ.

"అదెలా కుదురుతుంది? మనిషన్నాక ఎవరో ఒకరి తాలూకు కావాలి కదా!"

ఈ సంభాషణలన్నీ బోర్డులమ్మే దిగి చేయాలి. డ్రైవరు సీట్లోంచి కదలడు. "బస్సు స్టాపు దగ్గర ఆపుతాం గానీ స్టాపుని అడుక్కోమోయ్," అంటాడు. అడుక్కోవడం తప్పనప్పుడు భార్యను పంపడంలో ఆత్మగౌరవానికి లోటు రాదన్నది చాలామంది మొగాళ్ళ నమ్మకం. ఆయన దాన్ని కొత్తగా కనిపెట్టలేదు.

అలా తిరిగి తిరిగి, ఎండ పచ్చబడుతున్న వేళ, ఊరి బయట లారీలు తూచే కాటా కనిపించింది. నేలలో పరిచిన పెద్ద ఇనప పలక, పక్కన అద్దాల గది, చుట్టూ విశాలంగా ఖాళీ జాగా. అద్దాల గదిలో తిరుగుడు కుర్చీలో కూర్చున్న ఓనరు, కుర్చీ తిప్పకుండానే వద్దన్నాడు. వద్దంటూ వద్దంటూ బండిమీది రాత చూశాడు.

"ఈ అక్షరాలెవరివి?"

"నావే."

కుర్చీ తిరిగింది. "నాకో బోర్డు రాసిపెడతారా? రేకుంది నా దగ్గర."

రంగు డబ్బాల పెట్టె బట్టల సంచికన్నా ముందు బండెక్కించిన మనిషి ఆమె. ఎందుకు తెచ్చావంటే చెప్పలేకపోయేది. ఇప్పుడు చెప్పగలదు. "రాస్తాను. రాత్రికి ఉండనివ్వండి. ఏమని రాయాలి?"

ఓనరు గడ్డం గోక్కున్నాడు. జాగావంక చూశాడు, బండివంక చూశాడు. "ఇచ్చట రాత్రిపూట బండ్లు నిలుపరాదు."

సీట్లో ఉన్న డ్రైవరు పగలబడి నవ్వాడు. ఓనరు కాస్త నొచ్చుకున్నాడు. "మీరు కాదండీ. మీలాంటివాళ్ళ సంగతి వేరు. మిగతావాళ్ళు."

ఆతిథ్యాన్ని పొగడటానికి మాటలు చాలవంటారు. దాని అసలు స్వరూపం ఆ కాటా దగ్గర బయటపడింది: జాగా ఇచ్చేవాడు కోరేదొక్కటే, ఇదే ఆఖరుసారి కావాలని. బోర్డులమ్మ తెల్లారగానే రేకు తుడిచి, తెల్లరంగు వేసి, అది ఆరాక ఎర్రటి అక్షరాలు దించింది. ఎంత బాగా కుదిరాయంటే, ఓనరు దూరంగా నిలబడి చూసి, "చూస్తేనే భయమేస్తోందండీ," అన్నాడు. ఆమెకు చాలా ఏళ్ళ తర్వాత ఆకలి బాగా వేసింది.

అక్కణ్ణుంచి దారి సుగమమైంది. సాయంత్రమయ్యేసరికి ఆమె దిగడం, బండిమీది రాత చూపించడం, "మీకేమన్నా బోర్డు కావాలా?" అనడం. కావాలి. ఎవరిని కదిపినా కావాలి. తమ జాగాలో ఇతరులు చేయకూడని పని ఒకటి లేని మనిషి భూమ్మీద లేడు. ఆశ్చర్యమేమిటంటే, హైస్కూలు హెడ్మాస్టరూ, కోల్డ్ స్టోరేజీవాడూ, పెట్రోలు బంకువాడూ ఒకరినొకరు ఎరగకుండానే ఒకే ఆలోచనకు వచ్చారు. వీళ్ళ బండిని కళ్ళారా చూశాక వాళ్ళకు తట్టేది అదొక్కటే మరి. రాత్రిపూట వాహనములు ఆపరాదు. ఈ ఆవరణలో రాత్రి బస నిషేధం. గేటు లోపల వంట, నిద్ర, స్నానము చేయరాదు. ఈ మూడోది కోల్డ్ స్టోరేజీవాడిది. వీళ్ళు ఆ మూడూ చేస్తుంటే మేడమీంచి చూసి, చూసిన వరసలోనే రాయించాడు.

హెడ్మాస్టరు మర్యాదస్తుడు. మొదట్లో 'దయచేసి' అని పెట్టమన్నాడు.

"దయచేసి అంటే ఎవడూ దయచెయ్యడండీ," అంది బోర్డులమ్మ. "ఆ మాట చూడగానే అవతలివాడు బతిమాలుకోవచ్చని కనిపెట్టేస్తాడు. తీసేయండి."

"మరీ కరకుగా ఉండదూ?"

"ఉండాలి. నా బోర్డు చూశాక ఎవడూ బండి దిగి అడక్కూడదు. అదీ రాతంటే."

హెడ్మాస్టరు దయను తీసేయించాడు. వాళ్ళు బయల్దేరుతుంటే గేటుదాకా వచ్చి, మళ్ళీ ఎప్పుడైనా ఈ దారిన వస్తే తప్పకుండా ఆగమన్నాడు.

డ్రైవరు ఒక్కడే అడిగాడు. "ఏమోయ్, వెళ్ళిన చోటల్లా తలుపులు మూసుకుంటూ పోతున్నామేమో?"

"తిరిగొచ్చేది అటు వేరే దారిన, వంతెన రోడ్డునే కదండీ. ఈ దారిన మనకిక పనేముంది?"

మాట సబబుగానే ఉంది. వెనకవచ్చేవాళ్ళ గురించి ఇద్దరికీ తట్టలేదు. వెనకవచ్చేవాళ్ళ గురించి ఆలోచించే అలవాటుంటే దేశంలో రోడ్లు మరోలా ఉండేవి.

సముద్రం వచ్చింది. డ్రైవరు చాలాసేపు చూసి, "బాగా వెడల్పు," అన్నాడు. బోర్డులమ్మ ఇసకమీద వేలితో ఒక అక్షరం రాసింది, అల వచ్చి చెరిపేసింది. ఫ్లెక్సీకన్నా తొందరగా ఉందే అనుకుని, ఇంకొకటి రాయకుండా లేచింది. టీ తాగి బయల్దేరారు. వంతెన రోడ్డుకు చేరేసరికి అడ్డంగా పీపాలు దొర్లించి ఉన్నాయి. వంతెన బీటలిచ్చిందట. బాగుచేసేదాకా అందరూ పాత దారినే పోవాలి.

మొదటి దెబ్బ పెట్రోలు బంకులో తగిలింది. కొత్తగా వచ్చిన గార్డు లాఠీతో కిటికీ తట్టాడు.

"ఏమ్మా, చదువు రాదా?" అంటూ బోర్డు చూపించాడు. ఎర్రటి ఎండలో ఎర్రటి అక్షరాలు, ఒక్కొక్కటీ అచ్చు పోసినట్టు.

"వస్తుంది నాయనా," అంది బోర్డులమ్మ.

"వస్తే మరి ఇక్కడెందుకు ఆపారు? అంత పెద్దగా రాశారు, గుడ్డివాడికైనా కనపడుతుంది."

డ్రైవరు బండి తీశాడు. రోడ్డుపక్క మురిక్కాలవ దగ్గర, లారీలు బండిని ఊపేసుకుంటూ పోతుంటే, ఆ రాత్రి పడుకున్నామనిపించారు. మర్నాడు కోల్డ్ స్టోరేజీవాడు మేడమీంచే చెయ్యి అడ్డంగా ఊపాడు. హెడ్మాస్టరు మాత్రం గేటుదాకా వచ్చాడు. మర్యాదస్తుడు కదా.

"మిమ్మల్ని చూస్తే ఎంత సంతోషంగా ఉందో! కానీ చూడండి, రూలు అందరికీ ఒకటే. పిల్లలు చూస్తారు. మీరే రాసి మీరే తప్పితే వాళ్ళకు మనం ఏం నేర్పినట్టు?"

"ఆ దయచేసి ఉంచాల్సింది," అన్నాడు డ్రైవరు, బండి మలుపు తిరిగాక.

దార్లో టీ కొట్టు దగ్గర, తెల్లగా మెరిసిపోతున్న కొత్త ఇల్లుబండి ఆగి ఉంది. అందులోంచి ఒక యువజంట దిగింది. 'స్వేచ్ఛ' అని బండిమీద రాసుకున్నారు, స్టిక్కరుతో. వీళ్ళ బండి చూసి తమ కులమేనని దగ్గరికొచ్చారు.

"ఎక్కడాగుతున్నారు అంకుల్?" అనడిగాడు అబ్బాయి. "ఈ రూటు ఇదివరకు చాలా మంచిదని మావాళ్ళు చెప్పేవారు. ఎక్కడైనా ఆపుకునేవారట. ఇప్పుడు చూడండి, అడుగడుక్కీ బోర్డులే. ఎవరో పనిగట్టుకుని తిరిగి పెడుతున్నారు."

"అన్నీ ఒకటే చేతిరాత ఆంటీ," అంది అమ్మాయి. "ఎవడో శాడిస్టు."

"అయ్యుంటాడు," అన్నాడు డ్రైవరు. ఆ సాయంత్రమంతా ఆయన ఉత్సాహంగా ఉన్నాడు. దారిపొడుగునా "శాడిస్టూ, ఆ మంచినీళ్ళ సీసా ఇలా ఇయ్యి," అన్నాడు.

నవ్వుతూనే బండి ఆపి, నవ్వుతూనే వెనక్కి తిరిగి, ర, ప, గ, మ, ట అన్నాడు. బోర్డులమ్మ "ఊఁ" అనబోయి ఆగింది. ఆయన కళ్ళజోడు చొక్కా గుండీకి వేలాడుతోంది.

ఆమె "ఊఁ" అనే అన్నది. కూతురికి "చదివారు" అనే చెప్పింది. ఆయన చదివాడు, అందులో అబద్ధం లేదు. ఎక్కణ్ణుంచి చదివాడన్నది కూతురు అడగలేదు. రోడ్డుపక్క గోడవారగా పడుకున్న ముసలి కుక్కను చూస్తూ తెల్లవార్లూ ఆలోచించిందని రాస్తే చదవడానికి బావుంటుంది గానీ, ఆమె నిద్రపోయింది. నిర్ణయం నిద్రకు ముందే అయిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం భోంచేసి ఆయన చెట్టు కింద కునుకు తీస్తుంటే, ఆమె లోపలికెళ్ళి నాలుగో వరసలో 'గ'ను బ్లేడుతో గీకేసి, ఆ చోట తెల్లరంగు పూసి, అది సరిగ్గా ఆరకముందే 'ద' రాసింది. రాస్తున్నంతసేపూ చెవి బయటే పెట్టింది. ఆయన పట్టుకోవాలనే ఆమె కోరిక. తిరిగిన వెంటనే "ఇదేమిటోయ్, ఎవరు మార్చారు?" అని కేకలేస్తే ఎంత బావుండును! మొగుడి చేత తిట్లు తినాలని ఆమె అంతగా కోరుకున్న రోజు అంతకుముందు లేదు.

పొద్దు వాలేసరికి వాళ్ళు మొదటి బోర్డు రాసిన మజిలీకి చేరారు. కాటా. బోర్డు రోడ్డుకు ఎదురుగా, స్తంభానికి బిగించి, నిటారుగా ఉంది. జాగాలో లారీలు బారులు తీరి ఉన్నాయి. ఖాళీ ఉన్నది ఇనప పలకమీద ఒక్కచోటే. డ్రైవరు బండిని దానిమీదికే ఎక్కించాడు. అద్దాల గదిలోంచి ఓనరు పరుగెత్తుకొచ్చాడు.

"మీరా! మళ్ళీ వచ్చారా? మిమ్మల్నేనండీ నేను వెతుకుతోంది!"

"ఏమైంది?" అంది బోర్డులమ్మ దిగుతూ.

"ఏమైందా? ఇన్నేళ్ళుగా ఇక్కడ కాటా ఉంది. రాత్రిపూట ఒక్కడూ ఆగేవాడు కాదు. ఇక్కడ పడుకోవచ్చని ఎవడికీ తోచలేదు కాబట్టి! మీ బోర్డు పెట్టాక అందరికీ తోచింది. పెద్ద రాతాయె, మైలు దూరం నుంచి కనబడుతోంది. నిలపరాదన్నాడంటే నిలపడానికి వీలున్న జాగా అన్నమాటేగా అంటున్నారు. నా కుర్చీలో నన్ను కూర్చోనివ్వట్లేదు!"

డ్రైవరు నవ్వు ఆపుకోలేకపోయాడు. బోర్డులమ్మ నవ్వలేదు. తన బోర్డు చూశాక ఎవడూ బండి దిగి అడగడని ఆమె హెడ్మాస్టరుకు చెప్పిన మాట నిజమే అయింది. ఎవడూ అడగడం లేదు, ఆపేస్తున్నారు.

"సరే, ఈ ఒక్క రాత్రికి..." అంది.

"కుదరదు. పలకమీంచి తీయండి ముందు. ఇంకొంచెం ముందుకెళ్తే ఊరుంది, అక్కడ చూసుకోండి."

"పోదాం పద," అన్నాడు డ్రైవరు స్టీరింగుమీద వేళ్ళతో తాళం వేస్తూ. "ఇంకా వెలుగుంది. చీకటి పడేలోపు కొట్టేస్తా."

"చదవండి," అంది బోర్డులమ్మ.

"ఏమిటీ?"

"నాలుగో వరస. ఇవాళ ఇంకా చదవలేదు."

"ఇప్పుడా? ఈయన తరిమేస్తుంటే?"

"చదివితేనే బండి కదిలేది."

డ్రైవరు విసుక్కుంటూ కళ్ళజోడు పెట్టుకున్నాడు. వెనక్కి తిరిగాడు. పడమటి కిటికీలోంచి ఎండ నేరుగా చార్టుమీద పడుతోంది. అంత వెలుతురు ఆ ప్రయాణంలో ఏ సాయంత్రమూ లేదు. ఆయన చూశాడు. నిజంగానే చూశాడు. కళ్ళు చికిలించి, మెడ కాస్త ముందుకు చాచి, ఆ రోజు మాత్రం ఎంతోసేపు చూశాడు. తర్వాత హాజరు పిలిచే గొంతుతో అన్నాడు.

"ర. ప. గ. మ. ట."

బోర్డులమ్మ "ఊఁ" అనలేదు.

ఓనరుకు ఇదేం బోధపడలేదు. "ఏవమ్మా, పొద్దుపోతోంది..."

"ఇంజను ఆపండి," అంది ఆమె మొగుడితో.

"ఎందుకు? చదివాను కదా?"

"మధ్యాహ్నం మార్చాను. మీరు పడుకున్నప్పుడు."

డ్రైవరు చార్టువంక మళ్ళీ చూడలేదు. చూస్తే ఏం కనిపించదో ఆయనకు ముందే తెలుసు. తాళంచెవి తిప్పాడు. ఇంజను ఒకసారి కుదిపి ఆగింది. ఆయన స్టీరింగుమీంచి చేతులు తీసి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇదెక్కడి గోల!" అన్నాడు ఓనరు. "తెల్లారితే పలకమీదికి లారీలొస్తాయి. ఆ బోర్డు చూడండి! రాసింది మీరే కదా?"

"నేనే. మీరు చెప్పింది రాశాను. ఇన్నేళ్ళూ అందరూ చెప్పిందే రాశాను. ఇప్పుడు నేను చెప్తున్నాను వినండి. బండి కదలదు. తోలేవాళ్ళు లేరు."

"ఆయన కూర్చున్నారుగా?"

"ఆయనకు కనపడదు," అంది బోర్డులమ్మ. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. మొగుడు వింటుండగా అనడం కూడా.

ఓనరు డ్రైవరువంక చూశాడు. మనసు కరిగిపోయిందని చెప్పడానికి వీల్లేదు. అతని మొహంలో కనిపించింది లెక్క. పలకమీద కదలని బండి. పక్కన మొండి మనిషి. స్తంభంమీద బోర్డు. మూడూ ఒకదానికొకటి తగిలించి చూసుకున్నాడు.

"సరే. పలకమీంచి మావాళ్ళు తోసి పక్కన పెడతారు. ఉండండి. పొద్దున లేచి ఆ బోర్డు చెరిపేయాలి. ఒప్పందమేనా?"

"రాసినందుకు ఒక రాత్రి ఇచ్చారు. చెరిపినందుకు ఒక రాత్రి ఇస్తున్నారు. మీ దగ్గర ఏ పనికైనా ఒకటే రేటులా ఉంది," అంది బోర్డులమ్మ.

లారీవాళ్ళు దిగొచ్చి బండిని నెట్టారు. నెడుతున్నంతసేపూ డ్రైవరు సీట్లోనే కూర్చుని స్టీరింగు తిప్పాడు. అంతవరకు ఆమె ఒప్పుకుంది. తర్వాత ఫోను మోగింది.

"నాన్న చదివారా?" అనడిగింది కూతురు.

"చదివారు," అంది బోర్డులమ్మ. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. 'అక్కడితో ఫోను పెట్టేస్తే' అన్న ఆలోచన ఆమెకు రాలేదని ఎవరైనా చెప్తే నమ్మకండి. "తప్పు చదివారు. అల్లుణ్ణి పంపించు."

అవతలినుంచి ఈసారి షరతులేవీ వినపడలేదు. హెడ్ నర్సు ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది.

తెల్లారాక బోర్డులమ్మ నిచ్చెన వేసుకుని బోర్డుమీద తెల్లరంగు పూసింది. తన చేతిరాతను తానే చెరపడం ఎలా ఉందని లెక్చరరు ఉంటే అడిగేవాడు, కెమెరా దగ్గరగా పెట్టి. ఆమెకు తట్టిందల్లా రంగు ఇంకో పూత పడుతుందని. రెండో పూత ఆరకముందే రోడ్డుమీద పోతున్న లారీ ఆగింది. లారీ నడిపేవాడు తల బయటికి పెట్టి, "ఏమ్మా, ఇక్కడేం రాయబోతున్నారు?" అనడిగాడు. వెనక మరొకటి ఆగింది. ఓనరు అద్దాల గదిలో తల పట్టుకున్నాడు.

అల్లుడు బస్సు దిగి, చెమట తుడుచుకుని, అత్తగారికి నమస్కారం పెట్టి, మామగారివంక చూడలేక టైర్లవంక చూశాడు. గుమాస్తా పని చేసే మనిషి. బండిని సైకిళ్ళు దాటిపోయేంత భద్రంగా నడుపుతాడు.

"మామయ్యగారూ, గేరు కాస్త బిగుతా అండీ?"

"రెండోది. చెయ్యి కొంచెం ఎత్తి పట్టుకుని వెయ్యి బాబూ," అన్నాడు డ్రైవరు. తర్వాత వెనక్కి వెళ్ళి మంచంమీద కూర్చున్నాడు, చార్టుకు ఎదురుగా. తన బండిలో తాను ప్రయాణికుడు కావడం ఆయనకదే మొదలు. నోరు తెరుచుకుని నిద్రపోలేదు గానీ, కళ్ళు మూసుకున్నాడు.

బండి సాగింది. సైకిళ్ళు దాటిపోతున్నాయి. ముందు సీట్లో బోర్డులమ్మ రోడ్డే చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి వెనకనుంచి గొంతు వచ్చింది.

"శాడిస్టూ."

"ఊఁ."

"ఆ కొత్త అక్షరం వంకరగా ఉంది."

ఆమె గబుక్కున తిరిగింది. "కనపడుతోందా మీకు?"

"కనపడాలా ఏం? నేను లేస్తానేమోనని చెవి బయట పెట్టుకుని, తడి ఆరకుండా రాసుంటావు. అలా రాస్తే వంకర పోకుండా ఎలా ఉంటుంది?"

బోర్డులమ్మ లేచి, ఊగుతున్న బండిలో సీట్లు పట్టుకుంటూ వెనక్కి వెళ్ళింది. చార్టుకు మొహం ఆనించినంత దగ్గరగా పెట్టి నాలుగో వరస చూసింది.

వంకరగానే ఉంది.